చిరివేరు: మన యెఱ్ఱరంగు పూర్వచరిత్ర

ఈ సంవత్సరపు మహాసభ సంచికకు వ్యాసమొకటి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు, గోత్రములను గూర్చియో, పూర్వుల దానశాసనములను గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. ఆ విషయములను నాకంటె బాగుగా నెఱిగిన పెద్దలు మన సభయందు పెక్కుమంది కలరు. నేను మాత్రము సముద్రపుటిసుకలో మొలచు నొక చిన్నమొక్కను గూర్చి వ్రాయదలచితిని. నేతయు అద్దకమును జీవనాధారముగా గల కుటుంబములకు మున్నూఱు సంవత్సరములు అన్నము పెట్టిన మొక్క యది. దాని పేరు చిరివేరు. మన పిల్లలలో నూటికి తొంబదిమంది ఆ పేరు విని యెఱుగరు.

మా యింట పాతపెట్టెలో మా నాయనమ్మ పెండ్లినాటి పలంగుపోషు ఒకటి యున్నది. అంచులు చినిగినవి, నడుమనున్న వృక్షపు కొమ్మలు కొన్నిచోట్ల నల్లరంగు తిని గుడ్డతోసహా రాలిపోయినవి. కాని పూవులలోని యెఱుపు మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు. నల్లరంగులోని యినుము గుడ్డను తినివేయును. చిరివేరు ఎఱుపు గుడ్డ యున్నంతకాలము ఉండును. చిన్ననాడు ఆ పలంగుపోషును చూచియే నాకీ వేరుమీద ఆసక్తి పుట్టినది.

చిరివేరు మొక్క జానెడెత్తునో, అంతకు కొంచెము ఎక్కువగనో పెరుగును. నేలకు పఱచుకొని యుండు కొమ్మలు, సన్నని ఆకులు, కొసలయందు గొడుగువలె గుత్తులుగా నిలుచు నాలుగురేకుల చిన్న తెల్లపూవులు. చూచువారికి గడ్డిపరకవలె తోచును గాని, దాని మహిమ యంతయు నేలలోపల నున్నది. పలుచని యిసుకనేలలో దాని వేరు అడుగు మొదలు రెండడుగులవఱకు సూటిగా దిగును. నారింజవన్నెగల ఆ వేరుపై బెరడులోనే రంగు. లోపలి పుల్ల వట్టి కఱ్ఱ. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి ‘ఓల్డెన్లాండియా అంబెల్లాటా’ అని పేరిడిరి. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతమున మొక్కలను సేకరించిన ఓల్డెన్లాండ్ అను పండితుని జ్ఞాపకార్థము మొదటి పదము వచ్చినది. పూగుత్తి గొడుగును పోలియుండుటచే రెండవ పదము. కాఫీచెట్టును, మంజిష్ఠను, తొగరుమద్దిని ఇదే కుటుంబమున చేర్చిరి. మంజిష్ఠవేరును ఎఱుపే, తొగరువేరును ఎఱుపే. ‘తొగరు’ అను మాటకే మన భాషలో ఎఱుపని యర్థము గదా. ఈ కుటుంబమువారి వేళ్లలో రంగు దాచుకొనుట వంశాచారమని చెప్పవచ్చును.

ఉత్తరమున కళింగతీరము మొదలు దక్షిణమున రామేశ్వరమువఱకును, ఆవల సింహళమున మన్నారు, యాళ్పాణము ప్రాంతములందును ఈ మొక్క మొలచును. అరవదేశమున దీనిని చాయవేరనిరి. ఆ ‘చాయ’ శబ్దమే ఐరోపావారి లెక్కపుస్తకములలో పలువిధముల వర్ణక్రమముతో కానవచ్చుచున్నది. అన్ని తావులలోని వేరును ఒక్క గుణము కలది కాదు. కృష్ణాముఖమునకు చేరువనున్న తీరపువేరు మేలైనదని పూర్వకాలపు వర్తకులు చెప్పిరి. దీనికి కారణము తరువాతి రసాయనశాస్త్రము తేల్చినది. సముద్రతీరపు ఇసుకలో గవ్వలు, ఆల్చిప్పలు చివికి సున్నము కలసి యుండును. ఆ సున్నపు అంశము ఒకింత రంగుతోను, పటికతోను కూడినప్పుడే ఎఱుపు కాంతివంతమై నిలుచును. మన పూర్వులు ఈ కారణమును ఎఱుగకపోయినను ఫలమును ఎఱుగుదురు. ఏ ఊరి వేరు, ఏ కాలువ నీరు అని అడిగియే వారు పని మొదలుపెట్టిరి.

అడవివేరు, సాగువేరు అని రెండు తెఱగులు. తానుగా మొలచిన మొక్క వేరు పొట్టిది, కాని అందు రంగు హెచ్చు. సాగువేరుకంటె అడవివేరున నాలుగవవంతు రంగు అధికముగా దొరకునని అద్దకమువారి వాడుకగా రాక్స్‌బర్గు వ్రాసెను. ఎరువులేని చవుడునేలలో మెల్లగా పెరిగిన వేరున సారము చిక్కపడుట సహజమే. సాగుకు కావలసినది తేలికయిసుకనేల, మంచి ఎరువు, నీటితడి. తొలకరివానలతో విత్తుదురు. ఇందొక చిత్రమున్నది. చిరివేరు గింజ ధూళివలె సన్ననిది. చేతితో కోసి కూర్చుట కాని పని. అందుచే కాయలు పగిలి గింజ రాలిన పిమ్మట మడిలోని పైయిసుకనే ఊడ్చి యెత్తి భద్రపఱచి, మరుసటి యేట ఆ యిసుకనే క్రొత్తమడిపై చల్లుదురు. విత్తనపు మూట యనగా ఇసుకమూటయే. రెండేండ్లు పెరిగిన పిదప వేళ్లను తెగకుండ తవ్వి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముదురు. వేరు తెగినచో మేలైన భాగము నేలపాలగును గనుక ఆ త్రవ్వకము ఓర్పుతో కూడిన పని. పంటగా చూచినచో ఇది బీదనేలకు తగిన పంట. వరి పండనిచోట పండినది.

ఇక అద్దకపు విధానము. దీనిని కొంచెము విస్తరించియే చెప్పవలసి యున్నది. ఏలయన ఎఱుపు వేరులో ఉన్నదని తలచుట సగము సత్యమే. వట్టి గుడ్డను చిరివేరు కషాయములో ఎంత కాచినను ఉదికినపుడు రంగు పోవును. గుడ్డకును రంగునకును నడుమ బంధువొకడు కావలెను. ఆ బంధువు పటిక.

మొదట కోరాగుడ్డ గంజి పోవునట్లు ఉతికి, పేడ కలిపిన నీట నానవైచి, ఎండలో పఱచి, ఆరుచుండగా మరల మరల తడిపి తెల్లపఱతురు. పిదప కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీట ముంచి ఆరవేయుదురు. కరక్కాయ వగరు గుడ్డను రంగునకు సిద్ధపఱచును; పాలలోని క్రొవ్వు, కలముతో వ్రాసిన గీత ప్రక్కలకు ప్రాకకుండ ఆపును. ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టిన ద్రావకముతో గీసినచో కరక్కాయతో కలిసి వెంటనే నల్లని గీత తేలును. ఎఱుపు రావలసినచోట పటికనీరు పూయుదురు. పటికనీటికి రంగు లేదు గనుక, ఎక్కడ పూసితిమో కనబడుటకై అందు ఏదేని పోవురంగును కొంచెము కలుపుదురు. కొన్నినాళ్లు ఆగి గుడ్డను పాఱునీట జాడింతురు. నిలువనీట జాడించినచో కఱగిన పటిక తెల్లభాగములకు అంటి చెఱచును. ఇందువలననే అద్దకపుటూళ్లు కాలువగట్లనే వెలసినవి. ఆ పిమ్మట రాగికాగులో చిరివేరుపొడి వేసి గుడ్డను కాతురు. పటిక యున్నచోట ఎఱుపు, ఇనుము యున్నచోట నలుపో ఊదాయో, రెండును లేనిచోట మరకమాత్రము. ఆ మరకను పేడనీటను ఎండలోను మరల తెల్లపఱుపవలెను. ముదురెఱుపు కావలసినచో ఒక్క కాపుతో చాలదు. మరల పటిక, మరల కాగు. నీలిరంగు, పసుపు, ఆకుపచ్చ ఆ తరువాతి సంగతులు.

గుడ్డను గాక నూలును అద్దునపుడు పద్ధతి వేఱు. నూలును నువ్వులనూనెలోను బూడిదతేటలోను దినములకొలది నానవైచి, పిసికి, ఆరవేసి, ఆ పిమ్మట వేరుకాగులో దింపుదురు. చీరాల రుమాళ్లకు ‘తేలియా’ అను పేరు ఆ నూనెవాసనను బట్టి వచ్చినదే. ఆ రుమాళ్లు అరబ్బుదేశములకును, పారశీకసింధుశాఖ తీరములకును ఎగుమతి యగుచుండెను. ఆ నేత పిమ్మట తెలంగాణమున పుట్టపాకకు చేరినది. 2020వ సంవత్సరమున దానికి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది.

ఐరోపావారు మన తీరమునకు వచ్చినది మిరియములకును లవంగములకును గదా యని చదువరులు అడుగవచ్చును. అదే కథలోని మెలిక. జావా, మొలక్కా దీవులవారు తమ సుగంధద్రవ్యములకు మాఱుగా వెండికంటె మన చిత్రించిన బట్టలనే ఎక్కువగా కోరిరి. కావున బట్ట కొనక మిరియము కొనుట సాగదయ్యెను. 17వ శతాబ్ది ప్రారంభమున ఒలాందావారు బందరులోను, పెద్దపల్లిలోను కోఠీలు పెట్టిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ అను ఓడ ఇదే తీరమునకు వచ్చెను. వారు ‘పెటపోలి’ అని వ్రాసినది నేటి నిజాంపట్టణమే. 1618 మొదలు 1622 వఱకు బందరు కోఠీలో ఉద్యోగము చేసిన విలియం మెత్వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో అచ్చుపడినది. ఆ కాలపు ఐరోపావారి వ్రాతలలో పెద్దపల్లి వేరునకు ప్రత్యేకమైన పేరు కానవచ్చుచున్నది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బందరు కలంకారి చీట్లను గూర్చి వ్రాసెను. ‘చీటు’ అను మన మాట ఆంగ్లేయుల నోట ‘చింట్జ్’ అయినది.

ఒలాందా ఉద్యోగి హవార్టు 1693లో ప్రకటించిన కోరమాండల వర్ణనలో అద్దకమువారి పనిని ముచ్చటగా తెలిపెను. నత్తనడకగా సాగు ఆ పనిని చూచి విసుగును, అబ్బురమును రెండును పొందినాడు. ఓర్పునకు రూపము గీయదలచినవారికి పాలకొల్లు చిత్రకారుని కంటె వేఱు నమూనా అక్కఱలేదని యాతని తాత్పర్యము. పొగడ్తయే. కాని ఆ ఓర్పునకు కూలి యెంతయని లెక్కించినచో పొగడ్త చేదగును.

చిత్రించిన బట్టలు తమ నేతగాండ్రకు చేటు తెచ్చుచున్నవని 1686లో ఫ్రెంచి ప్రభుత్వము వానిని నిషేధించినది. ఆంగ్లేయులు 1700లోను, 1721లోను శాసనములు చేసిరి. నిషేధమువలన కోరిక చావలేదు. ఆ పనిని తామే నేర్వవలెనను పట్టుదల పుట్టినది. 1742లో కేర్దూ అను ఫ్రెంచి మతాచార్యుడు మన తీరపు అద్దకపు రహస్యములను వివరముగా లేఖలో వ్రాసి పంపెను. ఆయన సామాన్యుడు కాడు. తెనుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల చుట్టఱికమును 1767లోనే గుర్తించినవాడు. ఆయనకు ఈ రహస్యములను చెప్పినవారు క్రొత్తగా ఆ మతమున చేరిన అద్దకపుపనివారు. తండ్రి కొడుకునకు చెప్పిన విద్య వారు తమ గురువునకు చెప్పిరి. దీనిని ద్రోహమని యిప్పటివారు కొందఱు వ్రాయుచున్నారు. నాకు అట్లు తోచదు. చెప్పినవానికి అది విక్రయవస్తువని తెలియదు, అడిగినవానికి తెలియును. ఇద్దఱకును గల తేడా అదియే. 1759లో ఫ్రాన్సున నిషేధము తొలగినది. మరుసటి యేడే జూయీ గ్రామమున ఓబెర్‌కాంఫ్ అద్దకపు కర్మాగారమును నెలకొల్పెను. వారికి చిరివేరు అక్కఱలేకపోయెను. దాని చుట్టమగు ఐరోపా మంజిష్ఠ వారి పొలములలోనే పండినది. వారికి కావలసినది పటిక మర్మము, అది దొరకినది.

మన పక్షమున చిరివేరును గూర్చి శాస్త్రీయముగా వ్రాసినవాడు వైద్యుడు విలియం రాక్స్‌బర్గు. ఆయన సామర్లకోటయందు తోట వేసి, 1793లో కలకత్తాకు పోవువఱకు మన తీరపు మొక్కలను పరిశీలించెను. 1795 మొదలు వెలువడిన ‘కోరమాండల తీరపు మొక్కలు’ అను గ్రంథమున చిరివేరు చిత్రమును, సాగు విధానమును, అద్దకపు పద్ధతియు కలవు. ఆ గ్రంథపు బొమ్మలు గీచినవారు మన దేశపు చిత్రకారులే.

19వ శతాబ్ది మనకు కీడు కాలము. లాంకషైరు మిల్లుబట్ట చౌకగా దిగినది. 1832–33లో గుంటూరు మండలమును డొక్కలకరువు పాడుచేసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై విఱుచుకుపడిన ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరని అంచనా. నాలుగేండ్లకు, 1868లో, జర్మనీలో గ్రేబే, లీబెర్‌మాన్ అను ఇద్దఱు రసాయనజ్ఞులు తారునుండి ‘అలిజరిన్’ అను ఎఱుపుద్రవ్యమును తయారుచేసిరి. మంజిష్ఠలో నున్న ఆ ద్రవ్యమును 1826లోనే ఫ్రెంచివారు వేఱుపఱచి యుండిరి. 1869 జూను 25న జర్మనులును, ఆ మరునాడు లండనున పెర్కినును దానికి పేటెంటు కోరిరి. కొద్ది యేండ్లలో ఫ్రాన్సు మంజిష్ఠచేలు బీడువడినవి. శతాబ్ది ముగియులోపల మన చిరివేరు మడులును అదే దారి పట్టినవి. చిరివేరులోని రంగును కూడ అలిజరినే యని 1893లో ఆంగ్ల రసాయనజ్ఞులు నిరూపించిరి. అప్పటికి ఆ నిరూపణతో వేరునకు పని లేకపోయెను.

ఇచట మన సభలలో తఱచుగా వినబడు ఒక మాటను ప్రస్తావింపక తప్పదు. విదేశపు రంగు వచ్చి మన వృత్తిని చంపినదని పెద్దలు చెప్పుదురు. నేనును చాలకాలము అట్లే నమ్మితిని. సంగతి అంత తేలిక కాదు. వేరు దంచి, జల్లించి, మాటిమాటికి కాచిన పనిని డబ్బాలోని పొడి ఒక్క కాపుతో ముగించినది. చేతికి వచ్చిన ఎఱుపు రసాయనదృష్టితో అదే ఎఱుపు. కట్టెలు మిగిలినవి, దినములు మిగిలినవి. అద్దకమువాడు దానిని బలవంతముచే కాదు, ఇష్టముచే తీసికొనెను. చీరాల రుమాళ్లు అలిజరినుతోను నిలిచినవి. పెడనలో నేటికిని ఎఱుపు కాగులో పడునది చాలమట్టునకు ఆ పొడియే. మన అద్దకమును దెబ్బకొట్టినది పొడి కాదు, అచ్చుయంత్రముపై గజములకొలది పాఱిన మిల్లుబట్ట. వేరులోని ఇతరద్రవ్యములవలన కలుగు లోతు పొడియెఱుపున లేదని అనుభవజ్ఞులు చెప్పుట నిజమే, మా పలంగుపోషును చూచినచో నాకును అట్లే తోచును. కాని ఆ లోతునకు కొనువాడు అదనపుధర ఇయ్యనప్పుడు పనివానిని తప్పుపట్టుట న్యాయము కాదు.

పొడివలన నిజముగా చెడినవారు వేఱొకరు. వారిని గూర్చి మన సంచికలలో ఒక్క వాక్యమైనను ఇంతవఱకు పడినట్లు నేనెఱుగను. వేరు తవ్వినవారి మాట యిది. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటదీవిలో యానాదులు తేనె, మూలికలు మున్నగు అటవీద్రవ్యములతోబాటు చిరివేరును తవ్వి తెచ్చిరి. సింహళమున ఒలాందా కుంఫిణీవారు ఈ త్రవ్వకమును తమ గుత్తాధిపత్యమున నుంచుకొని, వేరుత్రవ్వు కులమువారిచే దానిని వెట్టిగా చేయించిరి. అద్దకమువానికి పేరైన కొంత మిగిలినది; ఏ వేరు ఏ యిసుకలో మేలో ఎఱిగిన ఆ చేతులకు పేరును లేదు, వేరు మానినపుడు వేఱు గతియు లేదు. శ్రీహరికోట 1971 మొదలు రాకెట్ల ప్రయోగస్థలమైనది. దీవిలోని యానాది కుటుంబములు చాలవఱకు ఆవలియొడ్డునకు తరలింపబడినవి. మన ఎఱ్ఱచీరల కీర్తిలో వారి పాలు ఎంత యని మనము ఎన్నడును లెక్కించలేదు.

మొక్కకును కాలము కలిసిరాలేదు. తీరపుటిసుకదిబ్బలపై 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి సరుగుడుతోటలు లేచినవి; ఆ రాలిన ఆకుల మెత్తక్రింద చిరివేరు మొలవదు. ఇటీవలి దశాబ్దములలో రొయ్యలచెఱువులు మిగిలిన నేలను త్రవ్వినవి. వైద్యమున మాత్రము దీనికి కొంత ఆదరము నిలిచినది. అరవదేశపు సిద్ధవైద్యులు దీనిని ఇంబూరలని పిలిచి దగ్గునకును, రక్తము పడు రోగమునకును ఇత్తురు. సహజవర్ణములపై మరల మోజు కలిగిన ఈ కాలమున అక్కడక్కడ చిరివేరు ప్రయోగములు జరుగుచున్నవి. కాని మడులు లేక అడవివేరుపైననే ఆధారపడినచో ఉన్నకొంచెమును అంతరించును. సాగుచేయదలచినవారు మన కులమున నున్నచో మొదట చేయవలసినది తీరమున బంజరిసుక ఎకరమో అరయెకరమో చూచుకొనుటయు, వేరును త్రవ్వుటకు ముందు పైయిసుకను ఊడ్చి దాచుకొనుటయు.

ఈ మొక్కను చూడ కుతూహలము గలవారు వానలు వెనుకబట్టిన పిదప సరుగుడు లేని యిసుకపఱ్ఱలలో తెల్లపూవులను వెదుకవలెను. ఒక్క మొక్కను మాత్రము మెల్లగా పెల్లగించి, వేరుపై గోరుతో గీచి, తాంబూలపు సున్నము కొంచెము అద్దిచూడుడు. నారింజవన్నె గీత ఎఱ్ఱబడును.